గీత దాటిన బండి

సోమవారం. గాలి పడమర నుంచి, బలంగా.

గాలిమర కాపలాదారు దినచర్య పుస్తకం గాలితోనే మొదలవ్వాలని కంపెనీ నియమం. ఆ ఒక్క ముక్క రాశాక మిగతాది ఎవరూ చదవరు. ఒకసారి ఉండబట్టలేక, ఊరిబిండి పచ్చడిలోకి చెనక్కాయలు ఎంతసేపు వేయించాలో వివరంగా రాసి పంపాను. “నివేదిక అందింది, ధన్యవాదాలు” అని జవాబొచ్చింది. అప్పటినుంచి ఇందులో నా ఇష్టమొచ్చింది రాసుకుంటున్నాను.

ఈ రోజు కబురేమిటంటే, మమ్మల్ని మూసేస్తున్నారు. సముద్రంలో కొత్త మరలు లేచాయట. ఈ మెట్ట మీద వానలు పోయాయి, ఆ వెనకే ఊళ్ళూ పోయాయి. మరలూ, మరకొక కాపలామనిషీ మిగిలాం. ఇప్పుడు మేమూ పట్నం పోవాలి. వచ్చే వారం శనివారం పొద్దుగూకే వేళకి ఆఖరి గీతబండి నా గుట్ట కిందికి వస్తుంది. దానికి డ్రైవరుండడు, స్టీరింగుండదు. రోడ్డు మీద గీసిన తెల్లగీతను పట్టుకుని వస్తుంది, దాన్నే పట్టుకుని పోతుంది. గీత లేనిచోట అంగుళం కూడా కదలదు.

చిక్కంతా అక్కడే ఉంది. హనుమక్క స్టేషను నాకు దక్షిణాన, వంక దాటాక వచ్చే నల్లరేగడి మైదానంలో ఉంది. నిరుడు ఇసుకగాలికి అక్కడి గీత పూడిపోయింది. ఆమెకు తిండిగింజలు ఎగిరే డబ్బా తెచ్చి పడేస్తోంది. మనిషిని మోసే బలం దానికి లేదు.

కంపెనీని రేడియోలో పిలిచాను. “హనుమక్క ఎట్ల వస్తాది?” అని అడిగాను.

“ఆవిడ మీ స్టేషన్‌కి చేరుకోవాలండి,” అంది అవతలి గొంతు. అది మనిషిదో మెషీనుదో ఈ మధ్య తేడా తెలియడం లేదు.

“నడిచి రావల్లనా? నిచ్చెన మీదనుంచి పడి తుంటి విరిగిన మనిషప్పా ఆమె. మంచం కాడినుంచి రేడియో కాడికి పోనీకే కర్ర పట్టుకోవల్ల.”

“ఆ వివరం మా దగ్గర లేదండి.”

ఒళ్ళు మండింది గానీ తిట్టి లాభమేముంది?

సాయంత్రం మామూలుగా హనుమక్క పిలిచింది. తొమ్మిదేళ్ళుగా రోజూ ఈ వేళకి మాట్లాడుకుంటున్నాం. మొహం ఒకరిదొకరం చూసింది లేదు. ఆమె నన్ను అన్నా అంటుంది, నేను ఆమెను అక్కా అంటాను. ఎదుటివాళ్ళే పెద్దని ఇద్దరికీ గట్టి నమ్మకం.

“బువ్వ తింటివా అన్నా?”

“తింటి. కంపెనీవాళ్ళు చెప్పింది ఇంటివా అక్కా?”

“ఇంటిలే. నువ్వు పో. నాకేమి, డబ్బా వస్తానే ఉంటాది గదా.”

డబ్బా కూడా ఆగిపోతుందని ఇద్దరికీ తెలుసు. రేడియో గురగురమంటూనే ఉంది. ఆమె అవతల ఉందని తెలుస్తూంటే ఆ చప్పుడు కూడా నాకు తోడే.

బుధవారం. గాలి పడమర, ఎడతెరిపి లేదు.

షెడ్డు తలుపు గడ్డపారతో తెరిచాను. లోపల ఆ పాత బండి అలాగే ఉంది.

చేతులతో బండి నడపడాన్ని ప్రభుత్వం నిషేధించిన రోజున దాన్ని ఇక్కడ వదిలేశారని చెప్పుకునేవారు. గాలిమరలు చూద్దామని షికారొచ్చిన మొగుడూ పెళ్ళాలు, గీతబండెక్కి ఇంటికి పోయారు. బండి మాత్రం నాకు ముందున్న కాపలాదారు ఖాతాలో పడింది, అతని తర్వాత నా ఖాతాలో. చిన్న డీజిల్ వ్యాను. ముందు రెండు సీట్లు, వాటి మధ్య రేకుమూత కింద ఇంజను. వెనక మడతమంచం, గ్యాసుపొయ్యి, చేతులు కడుక్కునేంత సింకు. పైకప్పు తోస్తే లేచి నిలబడేంత జాగా వస్తుంది. ఇల్లూ బండీ ఒకటే అన్నమాట.

ఎలుకలు పరుపులో ఏడు తరాలు కాపురం చేసినట్టున్నాయి. కప్పు మూల కారి, ప్లైవుడ్ అటుకుల్లా పొరలు పొరలుగా ఊడొస్తోంది. సైలెన్సర్ గొట్టంలో కందిరీగల గూడు. డీజిల్ ట్యాంకు అడుగు తుప్పుపట్టి జల్లెడైపోయింది. ఫ్యాన్‌బెల్టు ముట్టుకుంటే చేతిలోకే పొడి రాలింది.

అయినా ఫ్యాను పట్టుకుని తిప్పితే ఇంజను కదిలింది. బిగుసుకుపోలేదు. సంతోషంతో గట్టిగా అరిచేశాను. విన్నవాళ్ళెవరూ లేరు కాబట్టి పరువు పోలేదు.

ఇది మంచి కాలపు ఇంజను. కంప్యూటర్ లేదు, గీత అక్కర్లేదు. ఒకసారి తిరగడం మొదలుపెడితే నూనె అందినంతసేపు తిరుగుతూనే ఉంటుంది. ఆపాలంటే స్టీరింగు కింద ఒక తీగ ఉంది, దాన్ని లాగాలి. అంతే.

సాయంత్రం హనుమక్కకి చెప్పాను.

“నీకు బండి తోలనొచ్చునా?” అంది.

“వయసులో ట్రాక్టరు తోలినా.”

“మడక దున్నినవాడు ఇమానం తోలినట్టుంటాదిలే,” అని నవ్వింది. తర్వాత గొంతు మారింది. “నా కోసరం ఎక్కడన్నా ఇరుక్కుపోతావు. వొద్దన్నా.”

వద్దనడంలో కూడా రకాలుంటాయి. ఆమె అన్నది రమ్మనే రకం.

శనివారం. గాలి వాయవ్యం, ఆగి ఆగి.

మూడు రోజులుగా వంట లేదు. బొరుగులే గతి. చేతులకు అంటిన నలుపు పోదు.

ఇంజనులోకి డీజిలు చిమ్మే నాజిళ్ళు విప్పి, కిరసనాయిల్లో నానబెట్టి, సన్నని రాగితీగతో బెజ్జాలు శుభ్రం చేశాను. ట్యాపెట్లు సరిచేశాను. జల్లెడైన ట్యాంకు బదులు, జనరేటరు డీజిలు కొంచెం పోసిన క్యాను తగిలించాను. మర గేరుపెట్టెలోంచి తీసిన ఆయిలు ఇంజనుకు పోశాను. బెల్టు లేదని నీళ్ళమోటరు బెల్టు కోసి కుట్టాను. కప్పు మూలకు తారు పూసి రేకు కొట్టాను. టైర్లు మర సామాను తోలే ట్రాలీవి, కొంచెం పెద్దవి. స్టీరింగు పూర్తిగా తిప్పితే బాడీకి రాసుకుంటాయి. పూర్తిగా తిప్పకుండా ఉంటే సరి.

డీజిలు దారిలో గాలి చొరబడితే ఈ ఇంజన్లు లేవవు. చేతిపంపు కొడుతూ, గొట్టం స్క్రూ కొంచెం వదులు చేసి, నురగ పోయి వట్టి డీజిలు వచ్చేదాకా చూడాలి. పొద్దుననగా మొదలుపెడితే బొటనవేలు వాచింది.

అంతా అయ్యాక తాళంచెవి తిప్పాను. స్టేషను బ్యాటరీకి పౌరుషమెక్కువ, ఇంజనును లేపే సెల్ఫ్ మోటారుకి వయసెక్కువ. టిక్కుమంది, పొగొచ్చింది, కాలిపోయింది. ఇంకో సెల్ఫ్ మోటారు ఈ మెట్ట మీద దొరకదు.

చాలాసేపు బండి మెట్టు మీద కూర్చున్నాను. తర్వాత కళ్ళెత్తితే ఎదురుగా గుట్ట దిగే బాట కనబడింది. ఏటవాలు మీద వదిలి, వేగమందుకున్నాక గేరులో వేస్తే ఇంజను అదే లేస్తుంది. నా స్టేషను గుట్ట మీదుంది కాబట్టి బతికిపోయాను. హనుమక్కది బల్లపరుపు నేల. అక్కడ ఇంజను ఆగిందా, ముసలివాళ్ళిద్దరం తోస్తే ఈ బండి చక్రం కూడా తిరగదు.

కాబట్టి అక్కడ ఆపకూడదు. ఈ ఒక్క మాట పెద్దక్షరాలతో రాసి అద్దానికి అంటించాను.

సోమవారం. గాలి పడమర, మోస్తరు.

జనరేటరు అడుగున మిగిలిన డీజిలు కూడా తీస్తే మొత్తం ఒక్క క్యాను వచ్చింది. అది లేపడానికే చాలుతుంది, దారికి చాలదు. కానీ మరలకు పూసే కానుగనూనె డ్రమ్ము నిండా ఉంది. డీజిలుతో లేపి, ఇంజను వేడెక్కాక నూనెకు మార్చుకోవాలి. కానుగనూనె చల్లారితే చిక్కబడి గొంతులో ముద్దలా అడ్డం పడుతుంది. వెచ్చగా ఉంచాలి.

ఎక్కడ పెడితే వెచ్చగా ఉంటుందా అని రాత్రంతా ఆలోచించి, పొద్దున్నే తట్టింది. ఇంజను పక్కన! ఎడమవైపు సీటు విప్పి పారేశాను. సీటు బోల్టుల బెజ్జాల్లోనే ఇనపపట్టీలు వేసి డ్రమ్ము బిగించాను. కొలిచి చేయించినట్టు కూర్చుంది. రాగిగొట్టం రేడియేటరు పైపు చుట్టూ తిప్పి ఇంజనుకు కలిపాను. ఆ సీటుని గుట్ట మీదనుంచి దొర్లిస్తే కింద రాళ్ళలో పడి ముక్కలైంది. బరువు తగ్గింది.

ఇంత తెలివైన పని ఈ ఏడాదిలో చేయలేదు. హనుమక్కకు గొట్టం వంపులతో సహా వర్ణించి చెప్పాను. ఆమె ఊఁ కొడుతూ వింది. ఆమె రేడియో బ్యాటరీ ముసలిదై ఛార్జి నిలవడం లేదట, గొంతు దూరం నుంచి వస్తున్నట్టుంది.

బుధవారం. గాలి పడమర, బలంగా.

లేచింది!

పొద్దున్నే బ్రేకు వదిలాను. గుట్ట మలుపు దగ్గర క్లచ్చి వదిలితే ఒక కుదుపు, ఒక దగ్గు, నల్లటి పొగ, ఆ తర్వాత ఇంజను చప్పుడు. అది విని కళ్ళనీళ్ళొచ్చాయి. ఈ నేలమీద గాలి చప్పుడు కానిది విని ఎన్నాళ్ళయిందో.

ఆ సంబరం ఎక్కువసేపు లేదు. రేడియేటరు పైపు పగిలి వేడినీళ్ళు చిమ్మాయి. ఎలాగో మళ్ళీ గుట్ట మీదికి ఎక్కించి ఆపాను. ఇవాళంతా, రేపంతా దానితోనే సరి. శుక్రవారం తెల్లారి బయల్దేరితే మధ్యాహ్నానికి హనుమక్క దగ్గర ఉంటాను. ఆమెను ఎక్కించుకుని వెంటనే వెనక్కి తిప్పితే శనివారం గీతబండికి అందుతాం.

సాయంత్రం హనుమక్క పిలవలేదు. నేను పిలిచాను, జవాబు లేదు. సంగటి కలుపుకుని కూడా తినకుండా రేడియో ముందు కూర్చున్నాను. బ్యాటరీ అయిపోయి ఉంటుంది. అంతే అయి ఉంటుంది. ఆమె గొంతు వినకుండా గడిచిన మొదటి సాయంత్రం ఇది. పట్నంలో లక్షమంది మధ్య ఉన్నా ఇలాగే ఉంటుందేమోనని భయమేసింది.

శుక్రవారం. గాలి తగ్గుతోంది. హనుమక్క స్టేషను నుంచి రాస్తున్నాను.

దారి గురించి ఎక్కువ రాయను. మా ఇద్దరికీ నడిమి స్టేషను కాపలాదారు తిప్పయ్య అప్పటికే వెళ్ళిపోయాడు. తలుపుకు తాళం, అరుగు మీద బోర్లించిన చెంబు. హారన్ కొట్టి ముందుకు పోయాను. వంకలో ఇసుక దగ్గర టైర్లలో గాలి సగం తీసి, ఒకే గేరులో లాగించాను. ఎక్కడా ఇంజను ఆపలేదు. మంచినీళ్ళు కూడా నడుపుతూనే తాగాను.

మధ్యాహ్నం దాటాక ఆమె మర కనబడింది. రెక్కలు నెమ్మదిగా తిరుగుతున్నాయి. దాని కింద గది ముందు, కర్ర పట్టుకుని, మూట పక్కన పెట్టుకుని ఒక మనిషి నిలబడి ఉంది. బ్యాటరీ అయిపోయి రేడియో మూగబోయిన దగ్గర్నుంచీ రోజూ పొద్దుటినుంచీ అలాగే నిలబడి చూస్తోందని తర్వాత తెలిసింది.

ఇంజను ఆపకుండా దిగాను. ఒకరినొకరం ఎగాదిగా చూసుకున్నాం.

“నువ్వే పెద్ద,” అన్నాం ఇద్దరం ఒకేసారి.

నవ్వుతూ మూట అందుకుని ఎడమ తలుపు తెరిచాను. హనుమక్క లోపలికి చూసింది. డ్రమ్మును చూసింది. మళ్ళీ నన్ను చూసింది.

“అన్నా, నేను యాడ కూచోవల్ల?”

నాజిళ్ళు గుర్తున్నాయి, బెల్టు గుర్తుంది, చల్లారితే నూనె చిక్కబడుతుందని గుర్తుంది. ఆమె కోసమే ఇదంతా చేశాను. ఆమె కూర్చుంటుందన్న సంగతి ఒక్కటే గుర్తులేదు. ఒంటరిగా బతికీ బతికీ, బండికి రెండో సీటెందుకో మర్చిపోయాను. సిగ్గుతో తల వాలిపోయింది.

“వెనక మంచముందక్కా. దిండేసినా, బాగుంటాది.”

హనుమక్క తల అడ్డంగా ఊపింది. “తొమ్మిదేండ్లు నీ మొగం సూడకుండా మాట్లాడితి. ఇంగ నీ ఈపు సూసుకుంటా మాట్లాడల్లనా? నేను రాను. నువ్వు పో.”

“రేపు మాపటికి ఆఖరిబండి అక్కా!”

“పొమ్మంటి గదా.” కర్ర పక్కన పెట్టి అరుగు మీద కూలబడింది. తుంటి నొప్పికి మొహం ముడుచుకుంది.

ఆమె మొండితనం నాకు కొత్త కాదు. కానీ ఇది మొండితనం కాదు, నా పక్కన ఆమెకు చోటుంచని తప్పు నాది. డ్రమ్ము జరపాలంటే దాని గొట్టం ఊడదీయాలి. గొట్టం ఊడదీస్తే ఇంజను ఆగుతుంది. ఆగితే ఈ బల్లపరుపు నేల మీద మళ్ళీ లేవదు. అద్దం మీది పెద్దక్షరాలు నన్నే చూస్తున్నాయి.

ఎక్కి కూర్చున్నాను. క్యాను డీజిలుకు మార్చి, చల్లారి చిక్కబడకుండా, గొట్టాల్లో మిగిలిన నూనె కాలిపోయేదాకా ఆగాను. ఎప్పటికైనా లేపుతామన్న ఆశ ఉన్నవాడే ఆ పని చేస్తాడు. తర్వాత తీగ లాగాను.

ఇంజను ఆగింది. అంత నిశ్శబ్దంలో హనుమక్క ముక్కు చీదడం వినిపించింది.

శనివారం. గాలి లేదు.

డ్రమ్ము విప్పి వెనక పొయ్యి పక్కన బిగించాను. అక్కడ ఇంజను వేడి తగలదు. అందుకని హనుమక్క రెండు కంబళ్ళు చుట్టింది, పసిపిల్లకు చుట్టినంత శ్రద్ధగా. గొట్టం చాలలేదు, ఆమె నీళ్ళపైపు కోసి అతికాం.

సీటు కావాలి. ఆమె గదిలో ఉన్నది ఒకటే కుర్చీ, రేడియో ముందుది. తొమ్మిదేళ్ళూ నాతో మాట్లాడింది అందులో కూర్చునే. కుర్చీ చేతులు అరిగి నున్నగా మెరుస్తున్నాయి. దాని కాళ్ళు కోసి, అవే బోల్టుల బెజ్జాల్లో బిగించాను. హనుమక్క ఎక్కి కూర్చుని, ముందు అద్దంలోంచి మైదానం చూసి, “ఇట్ల సూస్తే బాగుంది,” అంది.

బండి లేపే ఉపాయం కూడా ఆమెదే. మర పైకి సామాన్లెక్కించే ఇనపతాడు, కప్పీ ఉన్నాయి. మూలపడున్న మర పాత గేరుపెట్టెను తాడుకు కట్టి పైదాకా ఎక్కించి, తాడు రెండో కొసను బండికి తగిలించి, ఒక్కసారిగా వదిలేస్తే గేరుపెట్టె కిందికి పడుతూ బండిని లాగుతుంది. కానీ ఎక్కించే మోటారుకి మర కరెంటే కావాలి. మర తిరగాలి. తొమ్మిదేళ్ళుగా చెవులు దిబ్బళ్ళు పడేలా మోగిన గాలి, ఈ రోజు ఒక్క ఆకును కూడా కదిలించలేదు.

పొద్దుగూకే వేళకి, నేను తెచ్చిన బ్యాటరీ తగిలిస్తే ఆమె రేడియో పలికింది.

“మద్దిలేటి గారూ, బండి వచ్చిందండి. మీరు కనబడలేదు. గైర్హాజరని రాసుకుంటున్నాం.”

నేను జవాబు చెప్పేలోపు హనుమక్క అందుకుంది. “ఉండాడు,” అంది. “ఈడ ఉండాడు.”

రేడియో కట్టేసింది. నాకు భయంగా ఉంది, అబద్ధమెందుకు? ఉన్న తిండి కొన్నాళ్ళకే. కానీ రేడియో లేకుండానే ఆమె గొంతు వినిపిస్తోంది. అరుగు మీద పక్కపక్కన కూర్చుని కదలని రెక్కల కేసి చూస్తున్నాం.

ఆదివారం. గాలి పడమర నుంచి, బలంగా!

తెల్లారకముందే రెక్కలు కదిలాయి. గేరుపెట్టె అంగుళం అంగుళం పైకెక్కింది. నేను స్టీరింగు దగ్గర, హనుమక్క తాడు బ్రేకు దగ్గర.

“వదలనా?”

“వదులక్కా!”

గేరుపెట్టె పడింది. బండి ఎవరో వెనకనుంచి తన్నినట్టు ముందుకురికింది. క్లచ్చి వదిలాను. దగ్గింది. ఆగబోయింది. మళ్ళీ దగ్గి, అందుకుంది. తాడు కొక్కెం ఊడి పక్కన పడింది. బండి తిప్పుకుని వచ్చేసరికి ఆమె కర్ర ఊపుతూ ఎదురొస్తోంది. ఎక్కి తన కుర్చీలో తాను కూర్చుంది.

దారి పొడుగునా మాట్లాడుతూనే ఉంది. తొమ్మిదేళ్ళు ఆమె మాట ఒక్కటీ పొల్లు పోనివ్వలేదు నేను. ఈ రోజు జానెడు దూరంలో కూర్చుంటే, ఇంజను మోతకు ఒక్క ముక్క వినబడలేదు. ఆపలేను. అందుకని మొహం చూశాను. మాట్లాడేటప్పుడు ఎడమ కనుబొమ్మ ఎగరేస్తుందని నాకు తెలియదు. నాలుగుసార్లు నా గడ్డం పట్టుకుని మొహం రోడ్డు వైపు తిప్పింది.

ఇప్పుడు నా గుట్ట మీద, వాలులో ఆపి ఉంది బండి. రేపు ఇక్కడినుంచి జారి లేస్తుంది. గీతబండి వెళ్ళిపోయింది. పోతే పోనీ. మాకు చక్రాలున్నాయి, పొయ్యుంది, సగం డ్రమ్ము నూనె ఉంది. తూర్పుకి దిగి, ఊళ్ళు ఎక్కడ మొదలైతే అక్కడిదాకా పోతాం.

హనుమక్క బండిలో పొయ్యి వెలిగించి టీ పెడుతోంది. దారంతా ఏం చెప్పావక్కా అని అడిగాను.

“అదంతా ఇనపడలేదా నీకు? మల్ల చెప్తాలే. ఏమి రాస్తాండావు ఆడ? ఎవరు సదువుతారు దాన్ని? ఆపి ఇట్ల రా.”

ఆపుతున్నాను.